మేడమ్, లాగమంటారా?

మొన్న బుధవారం జరిగిందిది. స్టాఫ్‌రూమ్‌లో నవ్వులు ఇంకా ఆగలేదు. ఎవరికి వాళ్ళు తోచింది కలిపి చెప్పుకుంటున్నారు. నా నోటితో నేనే చెప్పుకుంటే కనీసం వివరాలైనా సరిగ్గా ఉంటాయి కదా అని రాస్తున్నాను.

నేనొక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీష్ గెస్ట్ లెక్చరర్‌ని. క్లాసు చెబితేనే డబ్బులు. మూడో సంవత్సరం ఇంగ్లీష్ స్పెషల్ వాళ్ళకి డ్రామా పేపరు నాది. పద్నాలుగు మంది పిల్లలు. నార్వే రచయిత ఇబ్సన్ రాసిన 'ఎ డాల్స్ హౌస్' నాటకం చివరి అంకంలో ఉండగా, తనిఖీ టీమ్ వస్తోంది, 'అనుభవపూర్వక బోధన' కింద ఏదో ఒకటి చూపించండి అని పైనుంచి కబురొచ్చింది. జియోట్యాగ్ ఫోటోలు కూడా కావాలట. ఫోటో మీద అక్షాంశం, రేఖాంశం పడకపోతే పాఠం చెప్పినట్టు కాదట. సరే, నోరా ఇల్లు వదిలి వెళ్ళే సీను వేద్దాం అన్నాను. నోరా వేషం కట్టాల్సిన అమ్మాయి ఆ రోజు అక్క సీమంతమని రాలేదు. ఇంకేముంది, నేనే నోరా.

చీర మా వదినది. మంగళగిరి కాటన్, నిజాం బోర్డరు. తనిఖీ కదా అని అడిగి తెచ్చుకున్నాను.

కథ తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. మొగుడికి జబ్బు చేస్తే బతికించుకోవడానికి నోరా తన తండ్రి సంతకం తానే పెట్టి 4,800 క్రోనర్లు అప్పు తెస్తుంది. ఆ రోజుల్లో అక్కడ మొగుడు ఒప్పుకోకుండా పెళ్ళాం అప్పు చేయడానికి లేదు. ("అక్కడ డ్వాక్రా లేదా మేడమ్?" అని ఫస్ట్ బెంచీ అమ్మాయి అడిగింది. ఇంత మంచి ప్రశ్న నేను ఏ గైడులోనూ చూడలేదు.) సంగతి బయటపడగానే మొగుడు టోర్వాల్డ్ తన పరువు గురించి తప్ప ఇంకో మాట ఎత్తడు. నోరా బ్యాగు పట్టుకుని, మొగుణ్ణీ ముగ్గురు పిల్లల్నీ వదిలేసి, తలుపు వేసి వెళ్ళిపోతుంది. నాటకం అక్కడితో సరి. 1879 డిసెంబరు 21న కోపెన్‌హాగెన్‌లో మొదటిసారి ఆడినప్పటి నుంచీ ఆ తలుపు చప్పుడు గురించి లోకం మాట్లాడుకుంటూనే ఉంది. నేనూ రెండు వారాలు మాట్లాడాను.

నిజానికి ఇబ్సన్ రాసింది కింద వీధి తలుపు చప్పుడు. అది చూసేవాళ్ళకి కనబడదు, వినబడుతుంది, అంతే. వరండాలో ఒక పాత బెంచీని ఎత్తి దబ్బున పడేస్తే సరిపోయేది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవండర్రా అని పిల్లలకి రోజూ చెప్పేది నేనే.

ఇప్పుడు మా తలుపు సంగతి. అది లోపలికి తెరుచుకుంటుంది. వానాకాలం వస్తే ఉబ్బిపోయి నేలకి రాసుకుంటూ కిర్రుమంటుంది. లోపలివైపు పిడి ఊడిపోయి రెండేళ్ళయింది. రిపేరుకి ఇండెంటు పెట్టాను. గెస్ట్ ఫ్యాకల్టీ ఇండెంటు పెట్టకూడదన్నారు. పర్మనెంట్ మేడమ్ చేత పెట్టించాను. ఏ హెడ్డు కింద వస్తుందో తేలాలన్నారు. తలుపనేది ఫర్నిచరా, బిల్డింగా? రెండేళ్ళుగా అదే తేలలేదు. తనిఖీ అనగానే మాత్రం గోడలకి సున్నం కొట్టారు, గేటు పక్కన కుండీలు పెట్టారు, మా తలుపుకి కూడా ఆకుపచ్చ రంగు వేశారు. పిడి ఊడిన కన్నాల మీదుగానే పూసుకుంటూ పోయారు.

బుధవారం పదకొండింటికి టీమ్ వచ్చి కూర్చుంది. జీడిపప్పు ప్లేట్లు వచ్చాయి. సీను మొదలైంది. మా టోర్వాల్డ్ మంచి పిల్లాడే గానీ, టెన్షన్‌లో ఇంగ్లీష్ డైలాగు కాస్తా ఎగిరిపోయి, "నోరా మేడమ్, ప్లీజ్ మేడమ్, వెళ్ళొద్దండీ" అన్నాడు. నేను వినిపించుకోలేదు. ఆఖరి మాట చెప్పి, బ్యాగు తీసుకుని గుమ్మం దాటాను. మామూలుగా లాగితే ఈ తలుపు పడదు కదా అని, బయటి పిడి రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజాను.

ధన్!

చప్పుడు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. పక్క గదిలో బీకాం వాళ్ళ క్లాసు ఆగిపోయింది. లోపల చప్పట్లు. నేను ఠీవిగా రెండడుగులు వేయబోయి, వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోయాను. పైట చెంగు మూరెడు లోపలే ఉండిపోయింది.

తలుపు నెట్టాను. కదల్లేదు. భుజం పెట్టి నెట్టాను. ఉబ్బిన చెక్క, ఆరీ ఆరని రంగు, మధ్యలో మా వదిన నిజాం బోర్డరు. సీసాకి బిరడా బిగించినట్టు బిగిసిపోయింది. ఇల్లు వదిలి వెళ్ళిపోయిన నోరా అర నిమిషం తిరక్కుండానే లోపలికి రావడానికి తలుపు బాదుతోంది. లోపలి వాళ్ళు ఇదంతా నాటకమే అనుకున్నారట. టీమ్‌లో ఒకాయన "నైస్ సింబాలిజం" అని రాసుకున్నాడని తర్వాత తెలిసింది. మనిషి బయట, చెంగు లోపల. నిజమే, బాగానే ఉంది. ఆయన చెంగు కాదు కదా.

కాసేపటికి వాళ్ళకీ అర్థమైంది. తలుపు వాళ్ళవైపుకి లాగాలి. లాగడానికి పిడి లేదు. ఆ తలుపుకి లోపలివైపు చేతికి దొరికేది ఒక్కటే ఉంది. ఆ సంగతి మా టోర్వాల్డ్‌కే తట్టింది.

"మేడమ్, లాగమంటారా?"

"వద్దు!" అని నేను పెట్టిన కేకకి బీకాం వాళ్ళు మొత్తం వరండాలోకి వచ్చేశారు. నార్వేలో మొదలైన క్లాసు తిన్నగా కౌరవ సభలో తేలింది. దుశ్శాసనుడు ఎవర్నీ అడగలేదు. వీడికి ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉన్నాయి కాబట్టి పర్మిషన్ అడుగుతున్నాడు, అంతే తేడా. కృష్ణుడి పోస్టు మా కాలేజీలో ఎప్పట్నుంచో ఖాళీ.

అసలు వరండాలో నాతోపాటు ఒకరున్నారు. ఫోటోల బాధ్యత తీసుకున్న కోఆర్డినేటర్ సార్. నోరా బయటికొచ్చే షాట్ కోసం ముందే వచ్చి నిలబడ్డారు. "సార్, కాస్త తలుపు నెట్టండి" అన్నాను. ఆయన ఫోన్ ఆకాశంలోకి ఎత్తి, "ఒక్క నిమిషం మేడమ్, జీపీఎస్ పడలేదు. కదలకండి" అన్నారు.

కదలకండట!

అలా తలుపుకి అతుక్కుని, కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని నిలబడితే, పోయిన వారం నేనే చెప్పిన పాఠం గుర్తొచ్చింది. 1880లో జర్మనీలో ఈ నాటకం వేయబోతే, పిల్లల్ని వదిలి వెళ్ళే తల్లిగా నేను చేయనని అక్కడి హీరోయిన్ మొండికేసింది. ఎవరో మార్చి పాడుచేసే బదులు నేనే రాస్తానని ఇబ్సన్ ఇంకో ముగింపు రాసిచ్చాడు. అందులో నోరా పిల్లల్ని చూసి వెళ్ళలేక అక్కడే కూలబడిపోతుంది. తను రాసిన ఆ ముగింపుని ఆయనే ఆటవికం అని తిట్టుకున్నాడు. వెళ్ళిన నోరా ఉంది, ఆగిపోయిన నోరా ఉంది. వెళ్దామనుకుంటే వెళ్ళలేక, ఉందామంటే లోపలికి రాలేక గుమ్మంలో ఇరుక్కున్న నోరా మాత్రం ఆయనకి తట్టలేదు. ఆయన దేశంలో ఇండెంట్లు పాసయ్యేవేమో.

చివరికి అటెండర్ బాబాయ్ వచ్చి, "మీరు ఇటు వంగండమ్మా" అని కాలితో ఒక్క తన్ను తన్నాడు. తలుపు వెళ్ళి ప్రిన్సిపాల్ సార్ చేతిలో టీ కప్పుకి తగిలింది. దాని గురించి ఇక్కడ రాయను.

రిపోర్టులో నా ఫోటో పెట్టారు. తలుపు, తలుపుకి నేను, కింద అక్షాంశం, రేఖాంశం. 'విద్యార్థి కేంద్రిత బోధన' అని రాశారు.

నిన్న వడ్రంగి వచ్చాడు. పిడి వేయలేదు. తలుపే ఊడదీసి గోడకి ఆనించి వెళ్ళిపోయాడు. ఇవాళ పొద్దున వదిన ఫోన్ చేసింది. శ్రావణ శుక్రవారానికి ఆ చీరే కట్టుకుంటుందట, ఇస్త్రీ చేయించి పంపమంది. ఇస్త్రీ అయితే చేయించాను.