కోరం గారికి వందనాలతో

గౌరవనీయులైన కోరం గారికి,

ప్రభువు పేరిట వందనాలు. మా బాప్టిస్టు సంఘంలో నేను ముప్పై ఏళ్లుగా సభ్యుణ్ణి. ఇన్నేళ్లలో మిమ్మల్ని ఒక్కసారైనా కళ్లారా చూసిన పాపాన పోలేదు. సర్వసభ్య సమావేశం అనగానే మీరొస్తారని బెంచీలు తుడిపిస్తాం, ఫ్యాన్లన్నీ వేస్తాం, మైకులో మూడుసార్లు పిలుస్తాం. పెళ్లివారిలా ఎదురుచూడటమే గానీ మీరు వచ్చింది లేదు.

మీరంటే సమావేశం చెల్లాలంటే కనీసం హాజరు కావలసిన సభ్యుల సంఖ్య. మా నిబంధనల ప్రకారం అది సభ్యుల్లో మూడో వంతు. పుస్తకంలో 240 పేర్లున్నాయి కాబట్టి మీరు 80 మంది. ఆ పుస్తకం దులిపి చాలా కాలమైంది లెండి. అందులో కొందరు హైదరాబాదులో ఉన్నారు, కొందరు డల్లాస్‌లో, కొందరు ఏకంగా పరలోకంలో. రాకపోవడానికి సరైన కారణం ఉన్నది ఆ చివరివాళ్లకే.

ఆరాధనలో మందిరం కిటకిటలాడుతుంది. ఆశీర్వచనం చివర ‘ఆమెన్’ పూర్తిగా పలికే లోపే బయట బైకులు స్టార్టవుతాయి. ఒకరికి పొయ్యి మీద పప్పు గుర్తొస్తుంది, ఒకరికి పిల్లవాడి ట్యూషన్ గుర్తొస్తుంది. లోపల మిగిలినవాళ్లం మీ కోసం అరగంట ఆగుతాం. అరగంట దాటితే వచ్చినవాళ్లతోనే కానిచ్చేయొచ్చని మా నిబంధన. అంటే పన్నెండింటికి 80 మంది కావలసిన పనికి పన్నెండున్నరకు 14 మంది చాలు! సొదొమను కాపాడమని అబ్రాహాము యాభై మందితో బేరం మొదలుపెట్టి, బతిమాలి బతిమాలి పది దగ్గర ఆగాడు. మా సెక్రటరీ గారికి ఆ కష్టం కూడా లేదు, గోడ గడియారం చూస్తూ కూర్చుంటే సరిపోతుంది.

ఎవరైనా నసిగితే సమాధానం సిద్ధంగా ఉంటుంది: “ఇద్దరు ముగ్గురు కూడుకున్నచోట ప్రభువు ఉంటాడు బ్రదర్.” నిజమే, మత్తయి 18వ అధ్యాయం 20వ వచనం. అదే అధ్యాయంలో మూడు వచనాలు పైకి వెళితే, తగవు ఇద్దరు ముగ్గురిలో తేలకపోతే సంఘానికి తెలియజెప్పమని ఉంది. అంత పైకి ఎక్కే ఓపిక మావాళ్లకు లేదు.

తర్వాత తీర్మానాలు. అన్నీ ఏకగ్రీవమే. గ్రీవం అంటే మెడ కదండీ. మా దగ్గర ఆ మాట అక్షరాలా నిజం. ఒక మెడ తిరుగుతుంది, మిగతావన్నీ ఊగుతాయి.

మీరు అసలు ఎక్కడ కాపురం ఉంటున్నారో ఈ మధ్యే కనిపెట్టాను. సందు చివర టీ కొట్టు దగ్గర. కొత్త స్పీకర్లకు అంత డబ్బెందుకైంది, ప్రహరీ కాంట్రాక్టు ఎవరి బావమరిదికి వెళ్లింది, డీకన్లుగా, అంటే సంఘ పరిచారకులుగా, ఎప్పుడూ ఆ నలుగురేనా, ఇలా అన్నీ అక్కడ చర్చకు వస్తాయి. నిండు సభ. ప్రతి ఒక్కరూ మాట్లాడతారు. మినిట్స్ రాసేవాడు లేడు గానీ, రాస్తే మా సంఘ చరిత్రంతా అందులోనే ఉండేది.

నేనూ అక్కడి సభ్యుణ్ణే. మూడేళ్ల కింద జ్వరమని ఇంట్లోవాళ్లతో కబురు పంపి, అదే కొట్టులో అల్లం టీ తాగుతూ పాస్టరు గారి కంటపడ్డాను. ఆయన ఏమీ అనలేదు. “జ్వరం తగ్గిందా బాబూ?” అని మాత్రం అడిగారు.

మా బాధ ఏమిటంటే, భారం నెట్టేయడానికి మాకు పైన బిషప్పు లేడు. పాస్టరును పిలుచుకోవాలన్నా, సాగనంపాలన్నా, కొత్తవారిని సభ్యులుగా చేర్చుకోవాలన్నా, గోడలకు సున్నం వేయించాలన్నా బాప్టిస్టుల పద్ధతిలో స్థానిక సంఘమే తేల్చుకోవాలి. మా పూర్వీకుల సంగతి చూడండి. ఒంగోలులో 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం మొదలైంది. 1878 జూలై 3న ఒంగోలుకు దగ్గర్లోని గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు, ఒక్కోసారికి ఇద్దరేసి చొప్పున వంతులవారీగా నీళ్లలో దిగి ఇచ్చారు. అప్పటికి కరువు ఇంకా పూర్తిగా పోనేలేదు. ఒక్క రోజులో ఏరు దగ్గరికి అంతమంది వచ్చారు. దాదాపు నూట యాభై ఏళ్ల తర్వాత వాళ్ల మునిమనవల్లో 80 మందిని ఫ్యాను కింద ఒక గంట కూర్చోబెట్టలేకపోతున్నాం.

ఆనాడు బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్లు. మా ముత్తాత కూడా. ఊరి రచ్చబండ మీద ఆయనకు చోటు లేదు. తగవు చెప్పుకోవాలన్నా దూరంగా నిలబడి చెప్పుకోవాల్సిందే. ఆయన చెయ్యెత్తితే ఒకటని లెక్కపెట్టిన మొదటి చోటు బహుశా సంఘమే అయ్యుంటుంది. (మిషనరీ దొరగారు ఉన్నన్నాళ్లూ చాలా విషయాల్లో దొరగారి మాటే చెల్లింది, అది వేరే సంగతి.) ఆ చేతిని నేను టీ గ్లాసు పట్టుకోవడానికి వాడుతున్నాను.

అలాగని తప్పంతా మీదీ మాదీ అనను. ఒకసారి ఓ పెద్దావిడ లేచి, “ఆ స్పీకర్లకు ఎంతయింది అయ్యా?” అని నెమ్మదిగా అడిగింది. ట్రెజరర్ గారు కాగితాలు తిరగేశారు. ఇంతలో ఎవరో, “సమయం మించిపోతోంది, ముగింపు ప్రార్థన చేద్దాం” అన్నారు. అందరం కళ్లు మూసుకున్నాం. మళ్లీ తెరిచేసరికి ఆ ప్రశ్న గదిలో లేదు. ఆ తర్వాత ఆవిడ కూడా సమావేశాలకు రాలేదు. అడిగితే జవాబు రాదని ఒకసారి తెలిశాక మధ్యాహ్నం వేళ ఎవరు కూర్చుంటారు చెప్పండి?

ఈసారి ఒక చిన్న మార్పు చేశాం. జమాఖర్చులు వారం ముందే పెద్ద అక్షరాల తెలుగులో కొట్టించి నోటీసు బోర్డుకు అంటించాం. పక్కన ఒక అట్టపెట్టె పెట్టి, ప్రశ్నలు రాసి వేయమన్నాం, పేరు అక్కర్లేదన్నాం. మొదటి రోజు అందులో ఒక చాక్లెట్ కాగితం పడింది. బుధవారానికి పదకొండు చీటీలు. ఒకదాని మీద వంకర అక్షరాలతో “స్పీకర్లు?” అని మాత్రమే ఉంది. ట్రెజరర్ గారికి అప్పటినుంచి కొంచెం టెన్షన్.

కాబట్టి వచ్చే ఆదివారం దయచేసి టీ కొట్టుకు సెలవు పెట్టండి. బిర్యానీ కూడా ఉంది. స్త్రీల సమాజం వాళ్లే వండుతున్నారు, సమావేశం ముగిసేదాకా మూత తీసేది లేదని వాళ్లు తీర్మానించారు. ఆ తీర్మానానికి మాత్రం వాళ్లలో ఒక్కరు తక్కువ కాకుండా అందరూ వచ్చారట.

మీ రాకకోసం,
రెండో వరుసలో, గడియారం కింద కూర్చునేవాడు