ఆకు పారేసి నీళ్లు తాగమంటున్నారు

"పది రోజుల్లో కిడ్నీలు కొత్తవైపోతాయి, డయాలసిస్ అక్కర్లేదు, పది మందికి పంపండి." మా బంధువుల గ్రూపులో మళ్లీ తిరుగుతున్న మెసేజ్ ఇది. పరగడుపున కొత్తిమీర మరిగించిన నీళ్లు, రోజుకో కొబ్బరి బొండం, ఐదు లీటర్ల మంచినీళ్లు, మామూలు ఉప్పు బదులు సైంధవ లవణం, పప్పు, గుడ్డు, మాంసం బంద్. ఇదీ వైద్యం. చివర్లో ఎవరికో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి కొలిచే వ్యర్థం) 2.4 నుంచి 1.9కి దిగిందని సాక్ష్యం. మా నాన్న కిడ్నీ జబ్బు నాలుగో స్టేజీలో ఉంది. మూడేళ్లుగా ఆయన కంచంలో ఏం పడాలో చూసేది నేనే. అందుకే ఈ జవాబు.

ముందు కొత్తిమీర. కిడ్నీలు బయటికి పంపలేక రక్తంలో పొటాషియం ఎక్కువైన పేషెంటు ఇంట్లో డైటీషియన్ నేర్పే మొదటి పని ఏమిటంటే, కూరగాయల్ని చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, గంజి వార్చినట్టు వార్చేయడం. పొటాషియం చాలావరకు నీళ్లలోకి దిగుతుంది. ముక్కలు మనకి, నీళ్లు సింకుకి. ఈ మెసేజ్ ఏమంటుందంటే, కట్ట కొత్తిమీర మరిగించి, ఆకు పారేసి, ఆ నీళ్లే తాగమంటుంది! వంద గ్రాముల కొత్తిమీరలో 500 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉంటుంది. (చారులో వేసే రెండు రెమ్మలకు భయపడక్కర్లేదు.) పైగా కిడ్నీ ఏమీ మడ్డి పట్టిన వాటర్ ఫిల్టర్ కాదు, కడిగితే తెల్లబడడానికి. అందులో మచ్చ కట్టిన భాగం మళ్లీ మామూలు కాదు. మిగిలింది కాపాడుకోవడమే మన పని.

అసలు తిరకాసు మన మాటలోనే ఉంది. రాళ్లున్నా, కిడ్నీలు పాడవుతున్నా "కిడ్నీ ప్రాబ్లం" అనే అంటాం. నీళ్లు బాగా తాగమనడం రాళ్లున్నవాళ్లకు సరైన సలహాయే. అదే సలహాను ఉలవకట్టు, అరటి దూట రసంతో కలిపి, కాళ్లు వాచి ఆయాసపడే మనిషికి కూడా పంపేస్తున్నారు. 2018లో కెనడాలో మూడో స్టేజీ పేషెంట్లు 631 మంది మీద ఒక పరీక్ష ఫలితం వచ్చింది. ఏడాదిపాటు కొందరి చేత అదనంగా నీళ్లు తాగించారు. కిడ్నీ పనితీరు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉద్దానంలో ఎండలో తోటపని చేసే మనిషి దాహం చంపుకోకూడదు, నిజమే. మూత్రం తగ్గిపోయినవాళ్లకు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే కొలత.

కొబ్బరి నీళ్ల గురించి మాకు అనుభవమే ఉంది. వంద మిల్లీలీటర్లలో దాదాపు 250 మిల్లీగ్రాముల పొటాషియం అంటే, ఓ మాదిరి బొండానికి 700 దాకా. పోయిన వేసవిలో నాన్న వాకింగ్ నుంచి వస్తూ రోజూ ఒకటి కొట్టించుకున్నారు, మాకు చెప్పకుండా. "కాస్త నీరసంగా ఉందమ్మా" అన్నారు, అంతే. నొప్పి లేదు, జ్వరం లేదు. రక్తపరీక్షలో పొటాషియం 6.1 వచ్చింది. 3.5 నుంచి 5 మధ్య ఉండాల్సింది. ఆ రాత్రంతా గుండెకు మానిటర్ పెట్టి ఆస్పత్రిలో ఉంచారు. పొటాషియం పెరిగితే ముందు దెబ్బ తినేది గుండె లయ. ఒక్కోసారి ఏ సూచనా లేకుండానే. అలాగని పొటాషియం అదుపులో ఉన్నవాళ్లు పండ్లూ ఆకుకూరలూ మానేయక్కర్లేదు. అది రిపోర్టు చూసి తేల్చాల్సిన విషయం.

సైంధవ లవణమూ దాదాపు అంతా సోడియం క్లోరైడే. రంగు మారిందని బీపీ ఊరుకోదు. బజార్లో "లో సోడియం" అని అమ్మేది ఇంకో తంటా, అందులో సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు దాటకూడదు. ఆవకాయ, అప్పడం, ఉప్పుచేప కూడా ఆ చెంచాలోకే వస్తాయి.

ఇక పప్పు, గుడ్డు, మాంసం బంద్ అనేది. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఎక్కువ ప్రమాదం. డయాలసిస్ దాకా రాని పెద్దవాళ్లకు సాధారణంగా కిలో బరువుకు 0.8 గ్రాముల ప్రొటీన్ చెబుతారు. అరవై కిలోల మనిషికి 48 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. డయాలసిస్ మొదలైతే లెక్క తిరగబడుతుంది, కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు తినమంటారు. అప్పుడు కూడా ఈ మెసేజ్ పట్టుకుని చారన్నంతో సరిపెడితే కండ కరిగిపోతుంది.

కండ కరిగితే ఏమవుతుంది? క్రియాటినిన్ తగ్గుతుంది! అది కండల నుంచి వచ్చే వ్యర్థమే కదా. వండిన మాంసం తిన్నాక కొన్ని గంటలు పెరుగుతుంది, మాంసం మానేస్తే కొంత దిగుతుంది. వాంతులు, విరేచనాలతోనో, మోకాళ్ల నొప్పి మాత్రలతోనో తాత్కాలికంగా పెరిగింది కూడా తర్వాత తగ్గొచ్చు. ఆ 1.9 వెనక వీటిలో ఏదున్నా కిడ్నీ కొత్తదైనట్టు కాదు. అన్నట్టు ఆ నొప్పి మాత్రల గురించి, షుగర్, బీపీ గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

పంపిన బాబాయికి ఫోన్ చేసి, "ఆ మెసేజ్‌లో 1.9 వచ్చిందన్న మనిషికి పొటాషియం ఎంతుందట?" అని అడిగాను.

"అది ఇందులో రాయలేదమ్మా" అన్నాడు.