దయ్యాలకు మెకానిక్

అమెరికా నుంచి వచ్చే బంధువుల పెట్టెల్లో సబ్బులూ చాక్లెట్లూ ఉన్నంతకాలం ఎవరికీ ప్రమాదం లేదు. ప్లగ్గు ఉన్న వస్తువు బయటపడిన నాడే ఇంటికి చిక్కులు మొదలవుతాయి. 1980ల మధ్యలో హైదరాబాదు నల్లకుంటలోని మా పెదనాన్నగారింట్లో అలా బయటపడింది అటారీ 2600 అనే వీడియో గేమ్ యంత్రం, దానితోపాటు ప్యాక్‌-మ్యాన్ కార్ట్రిడ్జి, అంటే ఆటను నింపి యంత్రంలో దూర్చే డబ్బీ.

తెచ్చిన చిన్నాన్న ముందుగా బాగా ఊరించారు. జపానులో నామ్కో సంస్థ కోసం తోరు ఇవతాని రూపొందించగా 1980లో వచ్చిన ఈ ఆట, అమెరికాలో నాణెం వేసి ఆడే పెట్టెల దగ్గర జనాన్ని వరుస కట్టించిందనీ, పసుపు పచ్చని గుండ్రటి నోరొకటి దారిపొడవునా చుక్కలు మింగుతూ పోతుంటే ఎరుపు, గులాబి, లేత నీలం, నారింజ రంగుల దయ్యాలు నాలుగు తలొక తీరున వెంటపడతాయనీ, ఎర్రది వెనక నుంచి తరుముతుంటే గులాబిది ముందుకు పోయి దారి కాస్తుందనీ చెప్పారు. ఇదంతా ఆ పెద్ద పెట్టె సంగతి. మా చేతిలో ఉన్నది 1982లో అటారీ వారు వదిలిన ఇంటి కూర్పు. ఆ తేడా చెప్పకుండానే ఆయన విమానమెక్కారు.

అమెరికా అడాప్టరు మన 230 వోల్టులకు తట్టుకోదని పెదనాన్న కోఠీకి వెళ్ళి ఇటుక బరువున్న ట్రాన్స్‌ఫార్మరు కొనితెచ్చారు. యాంటెనా తీగ పీకి, ఆటపెట్టె తీగ తగిలించి, ఛానెల్ మర తిప్పగా తిప్పగా బొమ్మ దొరికింది గానీ, అది నిలువునా పైకి దొర్లుతూ పోయింది. అక్కడి టీవీలు సెకనుకు 60 సార్లు తెర గీస్తాయి, మనవి 50 సార్లు. రంగు పంపే పద్ధతీ వేరే కావడంతో కొత్త కలర్ టీవీలో నాలుగు దయ్యాలూ బూడిద రంగులోనే దర్శనమిచ్చాయి. శబ్దమైతే అసలు రాలేదు. ఆ కూర్పులోని మోతను తరువాత విన్నవాడిగా, ఆ ఒక్క విషయంలో మేము అదృష్టవంతులమనే చెబుతాను.

మెకానిక్ వచ్చి, టీవీ వెనక మూత విప్పి, బొమ్మ పైకీ కిందికీ జారకుండా పట్టి ఉంచే వర్టికల్ హోల్డు అనే మరను ఒక వెంట్రుకవాసి తిప్పగానే బొమ్మ నిలబడింది. అందరం చప్పట్లు కొట్టాం. దయ్యాలు మాత్రం అదురుతూ, కనబడుతూ, మాయమవుతూనే ఉన్నాయి. ఆయన మొదట లో వోల్టేజీ అన్నారు. స్టెబిలైజరు చూపిస్తే యాంటెనా లూజన్నారు. యాంటెనా అసలు తగిలించనే లేదని పెదనాన్న గుర్తుచేస్తే, లోపల ఐసీ వీకైందని తేల్చి, బోర్డు మీద సాల్డరింగ్ ఊడిందేమోనని టార్చిలైటు వేసి వెతకడం మొదలుపెట్టారు.

ఇదంతా చూస్తున్న నాయనమ్మకు విసుగొచ్చింది. "దయ్యాలన్నాక కనబడతాయి, మాయమవుతాయి. దానికి రిపేరేమిటి నాయనా?" అన్నది.

ఆ గదిలో సరైన నిర్ధారణ చేసింది ఆవిడ ఒక్కతే. 1977లో ఆ యంత్రాన్ని రెండు బొమ్మలు, రెండు తూటాలు, ఒక బంతి ఉండే ఆటల కోసం కట్టారు. పని చేసుకోవడానికి దానికున్న జ్ఞాపకశక్తి 128 బైట్లు. టాడ్ ఫ్రై అనే ప్రోగ్రామరు ఆ యంత్రంలోనే, 4 కిలోబైట్ల కార్ట్రిడ్జిలో ప్యాక్‌-మ్యాన్‌ను ఇమిడ్చేందుకు దయ్యాలను వంతులవారీగా, తెర గీసిన ప్రతిసారీ ఒక్కదాన్నే గీయించాడు; అందుకే అవి అదిరేవి. గుండ్రటి చుక్కలు పొడుగాటి గీతలయ్యాయి, అసలు ఆటలో అదనపు మార్కులకు తినే పండ్లకు బదులు నలుచదరపు ముక్కొకటి వచ్చింది, పక్కల ఉండాల్సిన సొరంగాలు పైకీ కిందికీ మారాయి. అయినా 70 లక్షలకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. ఈ సంగతులేవీ మా మెకానిక్‌కు టార్చిలైటు వెలుగులో దొరికేవి కావు.

చివరకు ఆయన పరీక్ష కోసం యాంటెనా తగిలించారు. సరిగ్గా అప్పుడే వారానికొకసారి వచ్చే తెలుగు సినిమా మొదలైంది. చాపలూ పిల్లలతో ఇరుగుపొరుగంతా హాల్లో సర్దుకున్నారు. అమెరికా లెక్కకు బిగించిన వర్టికల్ హోల్డు అలాగే ఉండటంతో, కథానాయకుడి కాళ్ళు పైన, తల కింద, నడుమ నల్లటి పట్టీతో సినిమా మొత్తం జారడం మొదలుపెట్టింది. మెకానిక్ కంగారుగా తిప్పిన మర చేతికే ఊడివచ్చింది. విశ్రాంతి దాకా పెద్దమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే బాగుండేదని పెదనాన్న తరువాత చెప్పారు.

బిల్లు చెల్లించాక పెదనాన్న చిన్నాన్నకు ఉత్తరం రాశారు. అక్కడ కూడా దయ్యాలు అదురుతాయనీ, మిస్ ప్యాక్‌-మ్యాన్ అనే తరువాతి కార్ట్రిడ్జి చాలా మెరుగనీ, ఈసారి అది తెస్తాననీ జవాబు వచ్చింది.

"తెమ్మనండి," అన్నది పెద్దమ్మ, "కానీ దాన్ని పెట్టుకునే టీవీ కూడా ఆయనే మోసుకురావాలి."