కంపెనీ పనితీరు కొలవడం నేర్పక్కర్లేదా? ఆ పోస్టుకు నా జవాబు

వారం రోజుల్లో ఒకే పోస్టు నాకు నాలుగు చోట్ల నుంచి వచ్చింది. చివరిగా పంపింది నా క్లాసులో కూర్చునే అమ్మాయే. కింద ఒక్క లైను రాసింది: "సార్, ఇదే నిజమైతే వచ్చే సెమిస్టర్‌లో మీ పేపర్ తీసుకోవడం దేనికి?" కంపెనీ పనితీరును ఎలా కొలవాలి, ఆ కొలతను బట్టి ఏం తేల్చాలి అన్నదే ఇన్నేళ్లుగా నేను చెబుతున్న పాఠం. ఆ అమ్మాయికి ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడానికి మనసొప్పలేదు. ఆ పోస్టు చదివి ఇంకెంతమంది అలాగే అనుకుంటున్నారో.

పోస్టులో ఉన్నది క్లుప్తంగా ఇదీ. రేషియోలన్నీ, అంటే కంపెనీ లెక్కల్లో ఒక అంకెను ఇంకో అంకెతో భాగించి తీసే నిష్పత్తులన్నీ, సాఫ్ట్‌వేర్, ఏఐ క్షణంలో తీసిస్తున్నాయి కాబట్టి వాటిని నేర్పడం టైమ్ వేస్ట్. కంపెనీ బాగుందో లేదో తెలియాలంటే లాభం ఒక్కటి చూస్తే చాలు, అదీ చాలకపోతే షేర్ ధర ఉండనే ఉంది. ఆడిటర్ సంతకం పెట్టిన లెక్కల్ని మళ్లీ తిరగేయడం అనవసరం. "కొలవలేనిదాన్ని నిర్వహించలేం" అని మేనేజ్‌మెంట్ గురించి పుస్తకాలు రాసిన పీటర్ డ్రక్కర్ అన్నాడు కాబట్టి ప్రతి పనికీ ఒక టార్గెట్ పెట్టేస్తే సరి. అమెజాన్ ఏళ్ల తరబడి నష్టాల్లో నడిచి కూడా ఎదిగింది గనక పాత కొలమానాలకు కాలం చెల్లింది.

ముందు సాఫ్ట్‌వేర్ సంగతి. భాగహారం మనిషే చేయాలని ఎవరూ పట్టుబట్టడం లేదు. నేనూ క్లాసులో స్ప్రెడ్‌షీటే వాడతాను. కానీ దేన్ని దేనితో భాగించాలి, వచ్చిన అంకెను దేనితో పోల్చాలి అన్నది ముందు తేలాలి. 2019 జనవరి 1 నుంచి ఐఎఫ్ఆర్ఎస్ 16 అనే అకౌంటింగ్ నియమం అమల్లోకి వచ్చింది. అంతకుముందు విమానాలో, షాపులో లీజుకు తీసుకున్న కంపెనీలు చాలావరకు ఆ అద్దెను నేరుగా ఖర్చుగా రాసేవి. కొత్త నియమంతో అదే అద్దె తరుగుదలగా, వడ్డీగా విడిపోయింది. ఎబిటా అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీసేయకముందున్న లాభం. దాంతో ఒక్క కస్టమర్ కూడా పెరగకుండానే ఆ కంపెనీల ఎబిటా పెరిగిపోయింది, బ్యాలెన్స్ షీట్ మీద, అంటే ఆస్తులూ అప్పులూ చూపే పట్టికలో, అప్పూ పెరిగింది. 2018, 2019 అంకెలు పక్కపక్కన పెట్టి "పనితీరు మెరుగుపడింది" అని ఏ యంత్రమైనా చెప్పేస్తుంది. వ్యాపారంలో ఏమీ మారలేదని గుర్తుపట్టాలంటే ఆ అంకె ఎలా పుడుతుందో తెలిసిన మనిషి కావాలి.

ఇంకో ఉదాహరణ నేను ఏ బ్యాచ్‌కీ చెప్పకుండా వదలను. 1998లో కార్నెల్ యూనివర్సిటీ బిజినెస్ స్కూల్ విద్యార్థుల బృందం ఒకటి ఎన్రాన్ అనే అమెరికా ఇంధన కంపెనీ మీద రిపోర్టు రాసింది. అప్పటికి ఫార్చ్యూన్ పత్రిక ఎన్రాన్‌ను అమెరికాలోకెల్లా వినూత్నమైన కంపెనీ అంటూ ఏటేటా ఎంపిక చేస్తోంది. ఈ విద్యార్థులు ప్రొఫెసర్ బెనీష్ రూపొందించిన ఒక నమూనాను ఆ కంపెనీ లెక్కలకు పెట్టి చూశారు. అందులో ఎనిమిది సూచికలుంటాయి: బాకీలు అమ్మకాల కంటే వేగంగా పెరుగుతున్నాయా, మార్జిన్ (అమ్మకంలో లాభంగా మిగిలే వంతు) తగ్గుతోందా, లాభానికీ నగదుకీ మధ్య ఎడం పెరుగుతోందా, ఇలాంటివి. ఎన్రాన్ తన లాభాలను దిద్దుతూ ఉండొచ్చని రాసి, షేర్లు అమ్మేయమని సలహా ఇచ్చారు. వాళ్ల దగ్గర రహస్య పత్రాలేవీ లేవు. అందరికీ దొరికే వార్షిక నివేదికలే. పెద్ద పెద్ద సంస్థల్లోని అనలిస్టులకు అంతకంటే మంచి కంప్యూటర్లు ఉన్నాయి, కానీ అనుమానించి అడగాలన్న ఆలోచన వచ్చింది ఈ విద్యార్థులకు. కంపెనీ 2001 డిసెంబర్‌లో దివాలా తీసింది. పైన పటారం, లోన లొటారం అని తేలడానికి లోకానికి మూడేళ్లు పట్టింది.

ఇక లాభం ఒక్కటి చూస్తే చాలన్న మాట. ప్రతి బ్యాచ్‌కీ మొదటి క్లాసులో ఒక ఊహాజనిత కంపెనీ లెక్కలు కాగితం మీద ఇస్తాను. అమ్మకాలు 120 నుంచి 150కి, లాభం 12 నుంచి 16కి పెరిగాయి. "ఈ కంపెనీ బాగుందనేవాళ్లు చేతులెత్తండి" అంటే క్లాసు క్లాసంతా ఎత్తుతుంది. అప్పుడు రెండో కాగితం, బ్యాలెన్స్ షీట్, పంచుతాను. కస్టమర్ల నుంచి రావలసిన బాకీలు 20 నుంచి 50 అయ్యాయి. కాసేపు ఎవరూ మాట్లాడరు, పెన్నులు కదులుతుంటాయి. పోయినేడు సరుకు అమ్మాక డబ్బు చేతికి రావడానికి సగటున 61 రోజులు పట్టేది, ఈ ఏడు 122 రోజులు. అమ్మకం పెరిగింది 30, బాకీ పెరిగిందీ 30. ఈ ఏడు వసూలైంది 120 మాత్రమే. ఒకసారి వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి, "అంటే జీతాలు దేంతో ఇచ్చారు సార్?" అన్నాడు. ఆ సెమిస్టర్ మొత్తం మీద నేను విన్న ప్రశ్నల్లో అదే గొప్పది.

లాభాన్ని వాటాదారుల పెట్టుబడితో భాగించి ఆర్ఓఈ తీసినా కథ పూర్తికాదు. రెండు కంపెనీలకూ ఆర్ఓఈ 20 శాతమే అనుకుందాం. మొదటిది 10 శాతం మార్జిన్‌తో, ఆస్తికి సమానమైన అమ్మకంతో, సొంత పెట్టుబడికి రెండింతల ఆస్తితో అక్కడికి చేరింది. రెండోది 2 శాతం మార్జిన్‌తో, ఆస్తికి రెండింతల అమ్మకంతో, సొంత పెట్టుబడికి ఐదింతల ఆస్తితో, అంటే బోలెడంత అప్పుతో, అదే 20కి చేరింది. పోటీ పెరిగి ఇద్దరి మార్జిన్‌లోనూ ఒక్క శాతం కోత పడితే మొదటి కంపెనీ ఆర్ఓఈ 18కి దిగుతుంది, రెండోది 10కి పడిపోతుంది. మార్జిన్‌నూ ఆస్తుల వాడకాన్నీ ఇలా విడదీసి చూసే పద్ధతి డ్యూపాంట్ కంపెనీలో డొనాల్డ్‌సన్ బ్రౌన్ అనే ఉద్యోగి చేతిలో వందేళ్ల కిందటే రూపు దిద్దుకుంది. పాతదైనంత మాత్రాన దాని పదును పోలేదు.

షేర్ ధర గురించి ఎక్కువ చెప్పను. కార్నెల్ విద్యార్థులు అమ్మేయమన్న తర్వాత కూడా రెండేళ్లపాటు ఎన్రాన్ షేర్ పైకే పోయింది, 2000 ఆగస్టులో 90 డాలర్లు దాటింది. ధర చెప్పేది జనం ఏమనుకుంటున్నారన్నదే. వాళ్లు అనుకోవడానికి ఆధారమైన లెక్కలే తప్పయితే ధర కూడా తప్పే చెబుతుంది.

ఆడిటర్ సంతకం ఉందిగా అన్న వాదన విద్యార్థులను నిజంగా నిద్రపుచ్చుతుంది, అందుకే నాకు బాధ. బ్రిటన్‌లో కారిలియన్ అనే భారీ నిర్మాణ కంపెనీ ఉండేది. దాని 2016 లెక్కల మీద 2017 మార్చిలో ఆడిటర్లు అభ్యంతరం లేకుండా సంతకం పెట్టారు. ఆ ఏడాదికి కంపెనీ రికార్డు స్థాయిలో 7.9 కోట్ల పౌండ్ల డివిడెండ్ ప్రకటించింది. జులైలో 84.5 కోట్ల పౌండ్లు కాంట్రాక్టుల మీద రావని రద్దు చేసుకుంది. 2018 జనవరికల్లా కుప్పకూలింది. సబ్‌కాంట్రాక్టర్లకు బ్యాంకులు ముందుగా చెల్లించిన సొమ్ము కంపెనీ తిరిగి కట్టాల్సిందే అయినా, అది అప్పుల కింద కాకుండా "ఇతర చెల్లింపులు" అన్న పద్దులో కూర్చుంది. పద్దుల పేర్లు చదివి "ఇతర అంటే ఏమిటి?" అని అడగడం క్లాసులో నేర్పాల్సిన పనే.

అమెరికా టెలికాం కంపెనీ వరల్డ్‌కామ్ కూడా అంతే. ఇతర టెలికాం కంపెనీల లైన్లు వాడుకున్నందుకు కట్టే రోజువారీ ఖర్చును ఆస్తిగా రాసి 380 కోట్ల డాలర్ల ఖర్చు దాచినట్టు 2002 జూన్‌లో ఒప్పుకుంది. దాన్ని బయటపెట్టింది కంపెనీ లోపలి ఆడిట్ విభాగంలోని సింథియా కూపర్ బృందం. "ప్రీపెయిడ్ కెపాసిటీ" అన్న పద్దు వాళ్ల కంటపడింది. అదేమిటని అడిగితే సరిగ్గా చెప్పగలిగినవాళ్లు లేకపోయారు. వాళ్లు పట్టు వదల్లేదు.

డ్రక్కర్ పేరు మీద తిరుగుతున్న వాక్యం గురించి ముందు ఒక మాట. ఆయన ఆ మాట అనలేదని ఆయన పేరిట ఉన్న డ్రక్కర్ ఇన్‌స్టిట్యూటే చెప్పింది. నాణ్యత మీద జీవితమంతా పనిచేసిన డెమింగ్ అయితే, కొలవలేనిదాన్ని నిర్వహించలేమనుకోవడం తప్పని, అది చాలా నష్టం తెచ్చే భ్రమని రాశారు. ఎవరన్నారన్నది పక్కన పెడదాం. ప్రతిదానికీ టార్గెట్ పెడితే ఏమవుతుందో వెల్స్ ఫార్గో బ్యాంకు చూపించింది. ఒక్కో కస్టమర్‌కు ఎనిమిది రకాల ఖాతాలు, కార్డులు అంటగట్టాలన్నది అక్కడి లక్ష్యం. ఆ సగటును మూడు నెలలకోసారి ఇన్వెస్టర్లకు గర్వంగా చెప్పేవారు. కింద బ్రాంచీల్లో ఆ టెన్షన్ తట్టుకోలేక సిబ్బంది కస్టమర్లకు తెలియకుండానే ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబర్‌లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. అంకె పెరిగింది, బ్యాంకుకూ కస్టమర్‌కూ ఉన్న నమ్మకం తెగింది. ఆ నమ్మకానికి మాత్రం ఏ రిపోర్టులోనూ ఒక వరస లేదు.

మోసం చేసే ఉద్దేశం లేకపోయినా తప్పు కొలత దెబ్బకొడుతుంది. ఒక డివిజన్ మేనేజర్ 100 పెట్టుబడితో 25 సంపాదిస్తున్నాడు. 50 పెడితే 9 వచ్చే ప్రాజెక్టు ఒకటి ఎదురొచ్చింది, అంటే 18 శాతం. పెట్టుబడి తెచ్చుకోవడానికి కంపెనీకి అయ్యే ఖర్చు 12 శాతమే, కాబట్టి కంపెనీకి అది లాభమే. కానీ అతని బోనస్ రాబడి శాతం మీద ఆధారపడి ఉంది. ప్రాజెక్టు తీసుకుంటే 25 శాతం కాస్తా 23 దగ్గరికి దిగుతుంది. అతను వద్దంటాడు. మిగులు ఆదాయం లెక్క వేస్తే, అంటే లాభంలోంచి పెట్టుబడి ఖర్చు తీసేసి చూస్తే, కంపెనీకి 13 బదులు 16 మిగిలేది. ఈ లెక్కను బోర్డు మీద వేసిన రోజున విద్యార్థుల్లో చాలామంది ఆ మేనేజర్‌ను తిడతారు. కాసేపయ్యాక ఎవరో ఒకరు, "తప్పు బోనస్ పెట్టినవాళ్లది కదా" అంటారు. రేపు ఆ బోనస్ స్కీములు రాయబోయేది వీళ్లే.

అమెజాన్ వాదన నిజం సగమే చెబుతుంది. 2000లో ఆ కంపెనీకి దాదాపు 141 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది, తొలిసారి ఏడాది లాభం చూసింది 2003లో. అంతవరకు నిజం. కానీ 1997లో వాటాదారులకు రాసిన లేఖలోనే, పైకి కనిపించే అకౌంటింగ్ అంకెలా భవిష్యత్తులో వచ్చే నగదు ప్రవాహాల విలువా అని ఎంచుకోవాల్సి వస్తే నగదునే ఎంచుకుంటామని స్పష్టంగా చెప్పింది. కస్టమర్ డబ్బు ముందే చేతికొస్తుంది, సరఫరాదారుకు తర్వాత కడుతుంది. కొలతను వదిలేసిన కంపెనీ కాదది. ఏది కొలవాలో ముందే తేల్చుకున్న కంపెనీ. పోల్చాలంటే ఆఫీసు చోటు అద్దెకిచ్చే వీవర్క్ ఉంది. 2018లో దాని ఆదాయం సుమారు 180 కోట్ల డాలర్లు, నష్టం దాదాపు 190 కోట్లు. ఆ రోజుల్లోనే "కమ్యూనిటీ అడ్జస్టెడ్ ఎబిటా" అని సొంతంగా ఒక కొలత తయారుచేసుకుని, మార్కెటింగ్, పరిపాలన లాంటి ఖర్చులను పక్కన పెట్టి చూపించింది. 2019 సెప్టెంబర్‌లో ఐపీఓ, అంటే తొలిసారి జనానికి షేర్లు అమ్మే ప్రయత్నం, వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆయా రోజుల్లో రెండూ నష్టాల కంపెనీలే. ఏ నష్టం రేపటికి పెట్టుబడో, ఏది చిల్లుకుండో చెప్పడానికి కొలత తెలియాల్సిన అవసరం లాభాల కంపెనీ విషయంలో కంటే ఇక్కడే ఎక్కువ.

పోస్టు రాసిన వ్యక్తి ఒకచోట మాత్రం నిజం పట్టుకున్నారు. పరీక్షలో సూత్రం బట్టీపట్టి, అంకెలు వేసి, మార్కులు కొట్టేసి మర్చిపోయే చదువు దండగే. నేనూ చాలా ఏళ్లు అలాంటి ప్రశ్నలే ఇచ్చాను. కరెంట్ రేషియో (ఏడాదిలోపు నగదయ్యే ఆస్తుల్ని ఏడాదిలోపు కట్టాల్సిన బాకీలతో భాగిస్తే వచ్చేది) తీయండి, రెండు దాటితే మంచిది అని రాయండి. రెండు దాటడానికి కారణం అమ్ముడుపోని సరుకు గుట్టలైతే ఏమిటని అడగలేదు. అది నా తప్పు, మార్చుకున్నాను.

ఇప్పుడు నా ప్రశ్నపత్రంలో రేషియోలన్నీ ముందే లెక్కగట్టి ఇచ్చేస్తాను. పైన చెప్పిన 120, 150 కంపెనీ లాంటిదే ఒకటి ఇచ్చి, యాజమాన్యంతో మీకు పది నిమిషాలు దొరికితే ఏ మూడు ప్రశ్నలు అడుగుతారో రాయమంటాను, ఎందుకు అడుగుతారో కూడా. పోయినసారి ఒకమ్మాయి మొదటి రెండూ మామూలుగా రాసి మూడోది ఇలా రాసింది: "కొత్తగా పెరిగిన 30 బాకీలో ఏడాది ఆఖరి వారంలో పంపిన సరుకు ఎంత? అది అమ్ముడుపోకపోతే తిరిగి తీసుకుంటామని కొన్నవాళ్లకు మాట ఇచ్చారా?" జవాబు పత్రం మీద ఒక్క సూత్రం కూడా లేదు. పూర్తి మార్కులు వేశాను.