ఇంటర్వ్యూకి వెళ్లేవారికి ముఖ్య గమనిక

విజయనగరంలో ఒక కుర్రాడికి కాల్ లెటర్ వచ్చిందంటే ఆ రోజు నుంచి వాడు వాడిలా ఉండకూడదు. ఇది మా వీధి పెద్దలు ఏకగ్రీవంగా తేల్చిన విషయం. ఎలా ఉండాలన్న దగ్గరే తేడాలొచ్చాయి గానీ, ఇప్పుడున్నట్టు మాత్రం వద్దన్నారు.

‘మీ గురించి చెప్పండి’ అని బోర్డువాళ్లు అడుగుతారు కాబట్టి యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన జవాబు బట్టీ పట్టాలి. అందులో పేరు ఒక్కటే మనది, మిగతాదంతా పబ్లిక్ ప్రాపర్టీ. బలహీనత ఏంటంటే, పని మొదలెడితే తిండీ నిద్రా గుర్తుండవని చెప్పాలి. (ఈ ముక్క వాళ్లమ్మ చెవిన పడకుండా జాగ్రత్త, తొమ్మిదిన్నరకి దుప్పటి లాగేది ఆవిడే.)

ఇక హాబీ. దీని మీద మనవాళ్లు పెద్దగా బుర్ర పెట్టరు, ‘సంగీతం వినడం’ అని రాసేస్తారు. బోర్డులో ఎవరో పెద్దాయన బయోడేటా చూసి, ‘ఓహో విజయనగరమా, మీ సంగీత కళాశాల గురించి చెప్పు బాబూ’ అంటాడు. అంతే! కంపెనీ పెట్టిన అమెరికావాడు ఏ కాలేజీ మధ్యలో మానేశాడో కూడా చెప్పగల మనవాడికి, రోజూ బండి మీద దాటిపోయే ఆ కాలేజీ 1919లో మొదలైందని, ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్ అని, ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ నేర్పారని, ఘంటసాల అక్కడే చదువుకున్నారని ఎవడు చెప్పాడు? కోచింగ్ మెటీరియల్లో లేదు కదా! అది సిలబస్‌లో లేని ఊరు.

ఇన్ని తిప్పలెందుకని కాబోలు, 2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వం గ్రూప్ సి ఉద్యోగాలకూ, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి ఉద్యోగాలకూ ఇంటర్వ్యూలే ఎత్తేసింది. సిఫార్సులు, లంచాలు తగ్గుతాయన్నారు, బాగానే ఉంది. మరి ‘ఆ బోర్డులో ఒకాయన మనకి బాగా తెలుసురా’ అని ప్రతి పెళ్లిలోనూ మొదటి పంక్తిలో కూర్చునే మామయ్యల గతేంటి? ఓఎంఆర్ షీటు దగ్గర వాళ్ల పలుకుబడి ఏం పనిచేస్తుంది? ఒక ప్రాచీన వృత్తిని రాత్రికి రాత్రి రద్దు చేసి నష్టపరిహారం ఊసే ఎత్తకపోవడం అన్యాయం. కనీసం పరీక్ష సెంటర్ గేటు దగ్గర ఒక కుర్చీ, టీ అయినా ఇప్పించాలి.