ఒక మణికొండ, రెండు ఊళ్లు

హైదరాబాద్ శివారు మణికొండలో ఫ్లాట్ కొన్న మిత్రుడొకడు సేల్ డీడ్ ముందేసుకుని ఫోన్ చేశాడు. తన కాగితంలో 'మణికొండ జాగీర్ గ్రామం' అని ఉందట, అదే మణికొండలో ఇంకోచోట కొన్న వాళ్ల బావగారి కాగితంలో 'మణికొండ ఖాల్సా' అని ఉందట. ఏదో ఒకటి తప్పు పడిందేమోనని టెన్షన్. రెండూ ఒప్పే. లిఫ్టులో ఎక్కే ఇళ్లకు ఇప్పటికీ నిజాం కాలపు చిరునామాయే నడుస్తోంది.

ఖాల్సా అంటే శిస్తు నేరుగా సర్కారు ఖజానాకు చేరే ఊరు. జాగీర్ అంటే ఆ శిస్తును ఇంకొకరికి రాసిచ్చిన ఊరు. ఇక్కడ ఆ ఇంకొకరు హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా. ఇబ్రహీం కులీ కుతుబ్ షా హయాంలో హుస్సేన్ సాగర్ పనులు చూసుకున్న సూఫీ ఆయనేనని, చెరువుకు ఆయన పేరే పెట్టారని చెబుతారు. షేక్‌పేట దాటాక పాత బొంబాయి రోడ్డు మీద 'దర్గా' అని పిలిచే చోటు అదే.

మణికొండ కథ చెప్పమంటే చాలామంది 1998లో మొదలుపెడతారు. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచింది, ఇటువైపు బండలు బంగారమయ్యాయి అంటారు. నాకు ఆ కథ మీద పెద్ద గురి లేదు. బండలకేం, హైదరాబాద్ చుట్టూ ఎటు చూసినా బండలే. పెద్ద క్యాంపస్‌లకు కావలసింది వందమంది పట్టాదారుల చుట్టూ తిరగకుండా, ఒకే చేతి నుంచి గంపగుత్తగా దొరికే నేల. 1949 ఆగస్టులో హైదరాబాద్ రాష్ట్రంలో జాగీర్లు రద్దయినప్పుడే అలాంటి నేల ఇక్కడ తయారైంది. జాగీర్లు సర్కారు పరమయ్యాయి. ఐటీ వచ్చేనాటికి ఆ భూమిని ఎవరికైనా కేటాయించే అధికారం తనదేనని ప్రభుత్వం అనుకుంది. ల్యాంకో హిల్స్ టవర్లు లేచింది అలా కేటాయించిన నేల మీదే.

కానీ జాగీర్‌గా ఇచ్చింది శిస్తా, భూమా? అసలు గొడవంతా అక్కడే. భూమి దర్గాదేనంటూ వక్ఫ్ బోర్డు 2006లో నోటిఫికేషన్ ఇచ్చింది. మొత్తం 1,654 ఎకరాల 32 గుంటలు. (ఎకరం కోట్లు పలికే చోట ఆ చివరి 32 గుంటల్ని కూడా ఎవరూ వదలరు మరి.) 2012లో హైకోర్టు బోర్డు వైపు నిలిచింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, జాగీర్ల రద్దుతోనే భూమి సర్కారుకు చేరిందని తేల్చింది. అద్దాల మేడల కింది నేల ఎవరిదో తేల్చడానికి నిజాం కాలపు ఫర్మానాలు, రద్దు నాటి రెగ్యులేషన్లు బయటికి తీయాల్సి వచ్చింది.

ఇంత వ్యాజ్యంలో నాకు కొట్టొచ్చినట్టు కనిపించే లోటు ఒకటుంది. ఒకవైపు బోర్డు, ఇంకోవైపు సర్కారు, మధ్యలో కంపెనీలు. ఆ నేలను దున్ని జాగీర్‌కు శిస్తు కట్టిన రైతు ఊసే వినపడదు. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుకు హక్కులు ఇచ్చిన మాట నిజమే. కాగితం చేతిలో ఉన్నవాడికి ఎంతో కొంత దక్కి ఉంటుంది. బండల మధ్య మేకలు కాసుకున్నవాడి దగ్గర కాగితమెక్కడిది? ఊరి చరిత్ర అంటే గుడి, చెరువు, బురుజు అని రాసుకుంటాం గానీ, శివారు ఊళ్ల తలరాత ఎక్కువగా పహాణీల్లోనే, అంటే ఏ నేల ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారని రాసే రెవెన్యూ రికార్డుల్లోనే ఉంది. వాటిని చదవగలిగినవాళ్లు ఊళ్లో బహుకొద్దిమంది.

మణికొండ 2018లో మున్సిపాలిటీ అయింది. పంచాయతీ బోర్డు పోయింది, జాగీర్, ఖాల్సా మాత్రం పోలేదు.

ఇదంతా ఓపిగ్గా విన్న మిత్రుడు, "సరే, మా ఫ్లాట్‌కైతే ఢోకా లేదు కదా?" అన్నాడు. సర్వే నంబరు చెప్పమన్నాను.