డిపోర్ట్ అయినవాడు దొంగ కాడు

ఈ వారంలో ఆ సందేశం నాలుగోసారి వచ్చింది. మొదటిసారి చదివి వదిలేశాను, రెండోసారి చదవకుండానే వదిలేశాను. నాలుగోసారి పంపిన మిత్రుడు కింద 'చాలా విలువైన సమాచారం, అందరికీ పంపండి' అని తన వంతు కూడా చేర్చాడు కాబట్టి ఇక ఊరుకోదలచుకోలేదు. 'డిపోర్టేషన్ అసలు అర్థం: ఆరు నిజాలు' అని దాని శీర్షిక. డిపోర్టేషన్ అంటే విదేశీయుణ్ణి తమ దేశం నుంచి పంపేయడం. ఆరింటిలో ఒకటి మాత్రం సగం నిజం. అదేదో చివర చెబుతాను.

మొదటి నిజం: 'పోర్ట్ అంటే రేవు కాబట్టి, ఓడ ఎక్కించి రేవు దాటించడమే డిపోర్ట్.' కాదు. లాటిన్‌లో 'పోర్తారె' అంటే మోయడం, 'దే' అంటే అవతలికి. మోసుకుపోయి అవతల దింపడం అన్నమాట. మూటలు మోసే పోర్టరు పేరులో ఉన్నదీ ఆ మోతే. ఆయన రైల్వేస్టేషన్‌లో కూడా ఉంటాడు, అక్కడ ఓడలు ఆగవు.

రెండోది: 'డిపోర్టేషన్, ఎక్స్‌ట్రాడిషన్ ఒకటే.' రెండోదానికి తెలుగులో శుభ్రమైన మాట ఉంది, అప్పగింత. విచారణకో శిక్షకో ఫలానా మనిషి మాకు కావాలని ఒక దేశం అడిగితే ఇంకో దేశం అప్పగిస్తుంది. 2025 ఏప్రిల్‌లో ముంబై దాడుల కేసు నిందితుడు తహవ్వుర్ రాణాను అమెరికా మనకు పంపింది అలాగే. డిపోర్టేషన్‌లో ఎవరూ అడగనక్కరలేదు, ఉన్న దేశం వద్దనుకుంటే సరి. ఈ తేడాను మన సుప్రీంకోర్టు 1955లోనే హాన్స్ ముల్లర్ అనే జర్మన్ పౌరుడి కేసులో విడమరచి చెప్పింది.

మూడోది: 'చరిత్రలో మొదట డిపోర్ట్ అయినవాడు శ్రీరాముడు.' అయోధ్యలో రాముడు విదేశీయుడా? పదండి ముందుకు.

నాలుగోది: 'ఒకసారి డిపోర్ట్ అయితే ఆ దేశంలో మళ్లీ జన్మలో అడుగుపెట్టలేరు.' ఏ దేశంలో? సందేశం రాసినవారికి అంత వివరం అనవసరం. అమెరికా సంగతే చూస్తే, విమానాశ్రయంలోనే ఉత్తర్వు ఇచ్చి వెనక్కి పంపితే సాధారణంగా 5 ఏళ్లు, వలస కోర్టు ఉత్తర్వుతో పంపితే 10, రెండోసారి అయితే 20. శాశ్వత నిషేధం తీవ్రమైన నేరాలకు శిక్షపడినవారి వంటి కొందరికే. న్యాయమూర్తి అనుమతితో గడువులోగా తనంతట తాను వెళ్లిపోయినవారి మీద డిపోర్టేషన్ ఉత్తర్వే ఉండదు.

ఐదోదానితో పని ఎక్కువ కాబట్టి ఆరోది ముందు తేల్చేస్తాను. 'డిపోర్ట్ అయినవారి పౌరసత్వం రద్దవుతుంది.' రోమన్ సామ్రాజ్యంలో అయితే నిజమే. అక్కడ 'దెపోర్తాతియో' అంటే దీవికి పంపేయడం, పౌరసత్వమూ పోయేది, ఆస్తీ పోయేది. సందేశం కొన్ని శతాబ్దాలు ఆలస్యంగా చేరిందంతే. మన 1955 పౌరసత్వ చట్టంలో అలాంటి నిబంధన లేదు. అయినా ఆ మనిషి మన పౌరుడు కాబట్టే కదా మన దేశానికి పంపారు!

ఇక ఐదో నిజం, ఉన్నదున్నట్టుగా: 'డిపోర్ట్ అయ్యాడంటే అక్కడ నేరం చేసి శిక్ష పడినట్టే. అలాంటివారికి అప్పు ఇచ్చే ముందు, పిల్లనిచ్చే ముందు ఆలోచించండి.'

గల్ఫ్‌లో పనిచేసే మనిషి పాస్‌పోర్టు చాలాసార్లు కఫీల్ బీరువాలో, అంటే వీసా ఇప్పించి పనిలో పెట్టుకున్న యజమాని దగ్గర ఉంటుంది. నాలుగు నెలలు జీతం రాదు. అడిగితే రేపు అంటాడు. ఓర్చుకోలేక ఒకరోజు ఆ మనిషి బయటికొచ్చి వేరేచోట పనికి చేరతాడు. 'పారిపోయాడు' అని కఫీల్ ఒక ఫిర్యాదు పెడితే చాలు, నిన్నటిదాకా చట్టబద్ధంగా ఉన్నవాడు ఇవాళ 'ఖల్లివల్లి', అంటే కాగితాలు లేనివాడు. పట్టుబడితే వేలిముద్రలు తీసుకుంటారు. మన దౌత్య కార్యాలయం ఇచ్చే ఔట్‌పాస్ చేతికి వస్తుంది, ఇంటికి చేరే ఒక్క ప్రయాణానికే చెల్లే కాగితం అది. రావలసిన జీతం అక్కడే ఉండిపోతుంది. ఈ మనిషికా మీరు పిల్లనివ్వనిది? ఇవ్వకూడని వరుడు ఈ కథలో ఒకడున్నాడు, బీరువా తాళం అతని దగ్గరే ఉంది.

అమెరికాలో వీసా గడువు దాటి ఉండిపోవడం కూడా అక్కడి చట్టం ప్రకారం క్రిమినల్ నేరం కాదు, సివిల్ ఉల్లంఘన. దొంగచాటుగా సరిహద్దు దాటడం నేరమే, ఒప్పుకుంటాను. కానీ 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మందిని అమృత్‌సర్‌లో దించినప్పుడు మనం చూసింది సంకెళ్లను. సంకెళ్లు కనిపిస్తే చాలు, నేరాన్ని మనమే ఊహించుకుంటాం. 2024 అక్టోబరులో మన ప్రభుత్వం ఆరుగురు కెనడా దౌత్యవేత్తలను దేశం నుంచి బహిష్కరించింది. వాళ్ల పెళ్లి సంబంధాల గురించి ఎవరూ హెచ్చరికలు పంపినట్టు లేదు.

ఇందులో మన పత్రికల పాపమూ ఉంది. డిపోర్టేషన్‌ను 'దేశ బహిష్కరణ' అని రాస్తున్నాం. ఎన్నికల బహిష్కరణలో బహిష్కరించినవాడే దూరంగా ఉంటాడు, దేశ బహిష్కరణలో బహిష్కరణకు గురైనవాడు దూరమవుతాడు. ఆ తికమకను భరించవచ్చు. కుల బహిష్కరణ, గ్రామ బహిష్కరణ అని కూడా ఇదే మాట వాడతాం. అక్కడ దాని అర్థం వెలి. ఆ వెలి వాసన దేశం దాటి వచ్చినవాడి ఒంటికీ అంటుకుంటోంది. 'పంపివేత' అనో, 'స్వదేశానికి తిప్పిపంపారు' అనో రాస్తే పోయేదేమీ లేదు.

సగం నిజం ఈ ఐదోదానిలోనే ఉంది, 'శిక్ష' అన్న మాటలో. డిపోర్టేషన్ శిక్ష కాదని అమెరికా సుప్రీంకోర్టు 1893లో తేల్చింది. ముగ్గురు చైనా కూలీల కేసు అది. శిక్ష కాదన్నందువల్ల వాళ్లకు ఒరిగింది లేదు. శిక్ష కాదు కాబట్టి నిందితులకు ఉండే రక్షణలూ ఉండవన్నారు. ఈ రోజుకీ అక్కడి వలస కోర్టులో ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని పెట్టరు. ముగ్గురు న్యాయమూర్తులు విభేదించారు. ఇల్లూ వాకిలీ వదిలించి పంపేయడం శిక్ష కాకపోతే మరేమిటన్నది వారిలో బ్రూవర్ వాదన. నేను ఆయన పక్షమే. ఇంతసేపూ తిట్టిన సందేశంతో ఈ ఒక్క మాటలో ఏకీభవించక తప్పడం లేదు.

ఆ ముగ్గురు కూలీలలో ఒకరు, అమెరికాలో ఉండడానికి కావలసిన నివాస పత్రం కోసం వెళ్లి ఖాళీ చేతులతో వచ్చినవాడే. అంతకాలంగా అక్కడే ఉంటున్నానని చెప్పడానికి తెచ్చుకున్న సాక్షులు చైనావాళ్లు. కనీసం ఒక్క తెల్లజాతి సాక్షి కావాలన్నది చట్టం. ఆయన గురించి ఆనాడు ఎవరైనా ఇలాంటి సందేశం రాసి ఉంటే, ఐదో నిజం అక్షరం మారకుండా ఇలాగే ఉండేది.